ఎవరినీ అడగకుండా నింపిన వంద షెడ్యూళ్లు

2023 మార్చి. తిరుపతిలోని మా విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ విభాగం మొదటి అంతస్తులో ఉంటుంది. నా గది కిటికీలోంచి కొండ కనిపిస్తుంది కానీ ఆ నెలలో కొండను చూసే తీరిక మాలో ఎవరికీ ఉండదు. పీజీ ఆఖరి సెమిస్టర్ విద్యార్థులంతా ప్రాజెక్టు కాగితాలు పట్టుకుని తలుపుల దగ్గర నిలబడి ఉంటారు. నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి పంతొమ్మిదేళ్లు.

యూనివర్సిటీలో మోసం అనగానే అందరికీ పరీక్ష హాలే గుర్తుకొస్తుంది. జేబులో స్లిప్పులు, అరచేతి మీద ఫార్ములాలు, స్క్వాడ్ రాగానే కిటికీలోంచి బయటికి ఎగిరే కాగితాలు. అవన్నీ నేనూ చూశాను, పట్టుకున్నాను, బుక్ చేశాను. మాలాంటి విభాగాల్లో ఇంకో రకం ఉంది. హాలు ఉండదు, స్క్వాడ్ ఉండదు. దాని పేరు డేటా ఫ్యాబ్రికేషన్. అంటే మనుషుల దగ్గరికి వెళ్లకుండానే వాళ్లు చెప్పినట్టు జవాబులు కల్పించి రాయడం.

మా దగ్గర ప్రతి విద్యార్థీ ఒక అంశం తీసుకుని, ఆ పని చేసేవాళ్లనో ఆ సమస్య ఉన్నవాళ్లనో కలిసి వివరాలు సేకరించాలి. ప్రశ్నలున్న కాగితాన్ని షెడ్యూల్ అంటాం. మామూలు ప్రశ్నావళిని జవాబు చెప్పేవాళ్లే నింపుకుంటారు. షెడ్యూల్‌ను మాత్రం ఎదురుగా కూర్చుని అడిగి, వాళ్లు చెప్పింది మేమే రాసుకోవాలి. చదువు రాని వాళ్ల దగ్గర ఇదే పద్ధతి. అందుకే దీంట్లో మోసం చేయడం తేలిక. రాసేదీ మేమే, చూసేదీ మేమే.

ఆ ఏడు నా దగ్గర ఆరుగురు విద్యార్థులు. వాళ్లలో ఎస్తేరు అనే అమ్మాయి మీద నాకు ఎక్కువ నమ్మకం. చిత్తూరు అవతల, పలమనేరు వైపు ఒక పల్లె వాళ్లది. తండ్రి లేడు. తల్లి కూలి పని చేసి చదివించింది. ఆ ఊరి నుంచి పీజీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. క్లాసులో ఎక్కువ మాట్లాడదు కానీ నేను చెప్పిన పాఠంలో ఎక్కడ తడబడ్డానో అక్కడ సరిగ్గా తలెత్తి చూస్తుంది. చింతపండు కొట్టే ఆడవాళ్ల జీవన పరిస్థితుల మీద ప్రాజెక్టు చేస్తానంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ ప్రాంతంలో షెడ్లలో ఇదే పని. కాయ పెంకు తీసి, ఈనెలు లాగి, గింజ కొట్టి పండు వేరు చేస్తారు. మంచి అంశం అన్నాను. వంద మందిని అడగమన్నాను. ముప్పై, నలభై కాదు, వంద అంటే కాగితం మీద బలంగా కనిపిస్తుందని నా లెక్క.

అప్పటికే చిత్తూరులో ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను ఫీల్డ్ కోఆర్డినేటర్‌గా ఎంపిక చేసుకుంది. జూన్‌లో మార్కుల జాబితా చూపించి చేరాలి.

మార్చి రెండో వారంలో ఎస్తేరు వంద షెడ్యూళ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అందరికంటే ముందు. రెండు కట్టలు, దారంతో కట్టి, వరుస నంబర్లతో. పక్క గదిలోని సహోద్యోగిని పిలిచి, "చూడండి, పని అంటే ఇట్లుండాలి" అని కూడా చూపించాను.

మరుసటి రోజు తీరిగ్గా చదవడం మొదలుపెట్టాను. ఇరవై కాగితాలు తిప్పేసరికి ఏదో తేడాగా అనిపించింది. మొదట అదేమిటో పట్టుకోలేకపోయాను. ఒక్క ప్రశ్నకు కూడా జవాబు ఖాళీగా లేదు. ఒక్కరు కూడా "తెలీదు" అనలేదు. నిజంగా మనుషులను అడిగితే ఇరవై ప్రశ్నల్లో రెండు మూడైనా దాటేస్తారు. మధ్యలో పిల్ల ఏడుస్తుంది, పొయ్యి మీద కూర మాడుతుంది, షెడ్డు యజమాని కేక వేస్తాడు. ఈ కాగితాల్లో ఎవరికీ ఏ పనీ అడ్డం రాలేదు.

తర్వాత వయసులు చూశాను. మన పల్లెల్లో నడివయసు ఆడమనిషిని వయసు అడిగితే "నలభై ఉంటాదేమో", "యాభై రాసుకో" అంటుంది. అందుకని నిజమైన షెడ్యూళ్లలో వయసులు సున్నా దగ్గరా అయిదు దగ్గరా గుంపుగా పోగవుతాయి. దీన్ని ఏజ్ హీపింగ్ అంటారు. కల్పించి రాసేవాళ్లకు ఈ సంగతి తెలియదు. గుండ్రటి అంకె వేస్తే అబద్ధంలా ఉంటుందని ముప్పై ఏడు, నలభై మూడు, యాభై ఒకటి అని రాస్తారు. ఎస్తేరు వందమందిలో నలభై అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

కాగితాలు ముట్టుకుని చూశాను. చింతపండు షెడ్డుకు వెళ్లి వచ్చిన కాగితం ఇంత శుభ్రంగా ఉండదు.

అనుమానం వచ్చినంత మాత్రాన పిల్లను పిలిచి నిలదీయడం నాకు ఇష్టం లేదు. దీనికి బ్యాక్ చెక్ అనే పద్ధతి ఉంది. కొన్ని షెడ్యూళ్లు తీసుకుని, వాటిలో పేరున్న మనుషులను మనమే కలిసి, నిజంగా ఎవరైనా వచ్చి అడిగారా అని కనుక్కోవడం. ప్రాజెక్టు చేయించే ప్రతి గైడూ ఇది చేయాలని పుస్తకంలో ఉంటుంది. నేను ఏళ్ల తరబడి చేయలేదు. మా నాయన దేవస్థానం ఆఫీసులో గుమాస్తా. తిరుపతిలోనే పుట్టి పెరిగిన నేను, చదువుకునే రోజుల్లో తప్ప పల్లెలో కూర్చుని ఒకరిని ప్రశ్న అడిగి చాలా కాలమైంది.

శనివారం పొద్దున చిత్తూరు బస్సెక్కాను. అక్కడినుంచి పల్లె బస్సు. సంచిలో ఎస్తేరు నింపిన మూడు షెడ్యూళ్లు, మూడూ ఆమె సొంత ఊరివే.

షెడ్డు ఊరి బయట ఉంది. పైన రేకులు, మూడు వైపులా గోడ లేదు. లోపల చింతకాయ గుట్టలు. ముప్పై మంది దాకా ఆడవాళ్లు వరుసగా కూర్చుని, ముందొక రాయి, చేతిలో ఇనుప కడ్డీతో గింజలు కొడుతున్నారు. ఆ పులుపు వాసనకు నా నోట్లో నీళ్లూరాయి, కళ్లు మండాయి. నా దగ్గరున్న ఒక షెడ్యూల్‌లో మునెమ్మ పేరుంది.

"మునెమ్మ అంటే ఎవరమ్మా?"

"నేనే. ఏం కావల్ల?" అంది ముందు వరుసలో ఒక పెద్దామె, కడ్డీ ఆపకుండానే.

"తిరుపతి యూనివర్సిటీ నుంచి వచ్చినాను. ఈ నెలలో ఎవరన్నా వచ్చి మీ పని గురించి ప్రశ్నలు అడిగినారా?"

"ఎవురూ రాలామ్మా. పోయినేడు బ్యాంకోళ్లు వచ్చినారు. ఈయేడు ఎవురూ రాలా."

మిగిలిన రెండు పేర్ల వాళ్లూ అక్కడే ఉన్నారు. వాళ్లనూ ఎవరూ అడగలేదు. పేర్లు నిజమే. మునెమ్మ భర్త పోయాడన్నదీ, ముగ్గురు పిల్లలన్నదీ నిజమే. అడగడం ఒక్కటే జరగలేదు.

వెళ్లిపోదామనుకుని కూడా ఎందుకో ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. ఈ పనికి ఎందుకు వస్తున్నారని అడిగాను. నా సంచిలోని కాగితంలో ఆ ప్రశ్నకు "పేదరికం" అని ఉంది. మిగిలిన తొంభై తొమ్మిదిలోనూ అదే ఉంది.

మునెమ్మ నవ్వింది. "నా కొడుకు వద్దంటానే ఉండాడమ్మా. ఇంట్లో ఒక్కదాన్నే గోడలు సూస్తా కూసుంటే మతి పోతాది. ఈడికొస్తే పది మందిమి మాట్లాడుకుంటాం, నగుకుంటాం. చేతులు మండుతాయి. మండనీ."

ఇంతలో వెనక వరుస నుంచి ఒకామె కొంగుతో చేతులు తుడుచుకుంటూ లేచి వచ్చింది. సన్నటి మనిషి. చింతపండు నలుపు వేళ్ల సందుల్లో ఇంకిపోయి ఉంది. మాటలో కొంచెం తమిళ యాస.

"తిరపతి నించీ వచ్చినారా మేడం? మా పాప ఆడే సదవతా ఉండాది. ఎస్తేరు అని. నేను రత్నమ్మని."

తల్లి చేసే కూలి ఈ షెడ్డులోనేనని నాకు అప్పటిదాకా తెలియదు. "నేను ఎస్తేరు టీచర్నే" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. చుట్టూ ఉన్నవాళ్లకు వినబడేలా, "మా పాప మేడమంట!" అని చెప్పి, నాకు నీళ్లు తెప్పించి, ఒక గోనెసంచి పరిచి కూర్చోమంది. "బాగా సదవతాందా మేడం? మా పని మింద ఏందో పుస్తకం రాస్తాండానని ఫోన్లో సెప్పింది. మా పని మింద పుస్తకమేందే అని నగినాను. మా కాడికి రాలేదేం పాపా అంటే, యాడాడో తిరగతా ఉండాను, పక్కూర్లల్లో అడగతా ఉండాను అనింది. ఎండల్లో తిరగతా ఉండాదే అని నాకు ఒకటే దిగులు."

"బాగా చదువుతుందమ్మా" అన్నాను. అది అబద్ధం కాదు. అయినా ఆ మాట అంటున్నప్పుడు సంచిని దగ్గరికి లాక్కున్నాను.

తిరుగు బస్సులో కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. రాలేదు. ఆ అమ్మాయి సొంత ఊరు, సొంత తల్లి చేసే పని. అడగడానికి ఏమైంది? బద్ధకం అనుకుందామంటే, వంద షెడ్యూళ్లు కూర్చుని నింపడమూ చిన్న పనేం కాదు. అంత సమయంలో సగం మందిని నిజంగానే అడిగి ఉండవచ్చు.

సోమవారం ఎస్తేరును పిలిచాను. మూడు షెడ్యూళ్లు బల్ల మీద పెట్టి, "శనివారం మీ ఊరికి పోయినాను" అన్నాను.

ఆమె ఆ కాగితాలను చూసింది. నన్ను చూసింది. బుకాయించలేదు. "మాయమ్మకు చెప్పినారా మేడం?" అంది.

"లేదు."

అప్పుడు ఏడ్చింది. నేను ఆగాను. ఇలాంటప్పుడు ఏడుపు తగ్గేదాకా ప్రశ్న అడగకూడదని ఉద్యోగం నేర్పింది.

"ఒక్కసారైనా ఎవరి దగ్గరికైనా పోయినావా?" అని అడిగాను.

"పొయ్‌నాను మేడం. మొదట్రోజు పొయ్‌నాను. మా ఊరు కాదు, పక్కూరి షెడ్డుకి. మా ఊర్లో అయితే అందరూ నన్ను ఎత్తుకోని ఆడిచ్చినోళ్లే. వాళ్ల ముందర రాసే అట్ట పట్టుకోని కూసోని, రోజుకి ఎన్ని పూటలు తింటారు, మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉండాదా, మీ మొగుడు తాగతాడా అని యెట్లడిగేది? పక్కూర్లో అయితే నన్నెరగరు కదా అని పొయ్‌నాను. ఎవురి బిడ్డవి పాపా అని అడిగితే తిరపతి అని చెప్పినాను."

"తర్వాత?"

"ఒక ముసలామె దగ్గిర కూసున్నాను. ఆరేడు ప్రశ్నలు చెప్పింది. పూటలు ఎన్ని తింటారు అని అడిగినప్పుడు కడ్డీ కింద పెట్టేసింది. 'ఈ మాట మీయమ్మని అడిగినావా? ముందు పోయి మీయమ్మని అడుగు పో' అనింది. అందరూ నా పక్కే సూసినారు. తిట్టినట్టు కూడా అనలేదు మేడం. మామూలుగానే అనింది." ఎస్తేరు కళ్లు తుడుచుకుంది. "మాయమ్మ ఎన్ని పూటలు తినిందో నాకు తెలుసు. నేను హాస్టల్లో ఉన్నప్పుడు ఎన్ని పూటలు తినలేదో కూడా తెలుసు. ఇంక లేచి వచ్చేసినాను. మళ్లా పోలేక పొయ్‌నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీరు వంద అన్నారు. ప్రశ్నలు మీరే రాసిచ్చినారు. నాకు చేతకాలేదని యెట్ల చెప్పేది మేడం?" కొంచెం ఆగి, మొదటిసారి తల ఎత్తి అంది. "కానీ ఒకటి. నాకు తెలీనిది ఒక్కటి కూడా నేను రాయలా. వాళ్ల బతుకు నాకు తెలుసు. పుట్టినప్పటి నించీ సూస్తా ఉండాను. వేరే వాళ్ల మాదిరి ఊరికే గీకలేదు."

ఈ మాట దగ్గర నేను తడబడ్డాను. నిజమే, ఆ షెడ్డు గురించి నాకంటే ఆ పిల్లకే ఎక్కువ తెలుసు. మునెమ్మ చెప్పింది చెప్పాను. కొడుకు వద్దన్నా వస్తోందనీ, నవ్వుకోవడానికి వస్తోందనీ.

"నువ్వు పేదరికం అని రాసినావు. ఆమె ఆ మాట అననే లేదు. నీకు తెలుసు, కానీ ఆమె చెప్పలేదు కదా ఎస్తేరూ. వాళ్ల నోట్లో మాట నువ్వు పెట్టినావు."

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి లాక్కుని చూసింది. "మునెమ్మ పెద్దమ్మ అట్లన్నాదా?" అని మాత్రం అడిగింది.

ఇక ఏం చేయాలన్నది మిగిలింది. మా విభాగాధిపతి రంగనాథం గారి దగ్గరికి వెళ్లాను. పదవీ విరమణకు దగ్గర్లో ఉన్న మనిషి, చెడ్డవాడు కాదు. అంతా విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంకా సబ్మిట్ చేయలేదు కదమ్మా. నాలుగు చోట్ల ఖాళీలు పెట్టి, వయసులు సరి చేసుకోమని చెప్పండి. ఉద్యోగం వచ్చిన పిల్ల. పేదింటిది. మీరు ఒక కట్ట విప్పితే అందరి కట్టలూ విప్పాల్సి వస్తుంది."

"విప్పుతాను సార్. మిగిలిన అయిదుగురివీ ఈ వారంలోనే చూస్తాను."

"చూస్తే?"

"ఆమె చేరబోయేది ఫీల్డ్ ఉద్యోగం సార్. రేపు ఒక ఊళ్లో ఎంతమంది పిల్లలకు తిండి చాలట్లేదో ఈమే రాసిస్తుంది. ఆ రోజు కూడా అడగలేక గదిలో కూర్చుని రాస్తే?"

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. చివరికి ఇద్దరం ఒక నిర్ణయానికి వచ్చాం. ప్రాజెక్టు ఇంకా సమర్పించలేదు కాబట్టి మాల్‌ప్రాక్టీస్ కమిటీకి పంపాల్సిన పని లేదు. గైడ్‌గా నేను ఆ డేటాను తిరస్కరించవచ్చు. జరిగినది ఎస్తేరు తన చేత్తో రాసిస్తే విభాగం ఫైల్లో ఉంటుంది. మళ్లీ మొదటి నుంచి సేకరించాలి. సేకరణా, ఆపైన రాతా కలిపి మే గడువులోగా పూర్తి కావు, సప్లిమెంటరీ బ్యాచ్‌లోనే సమర్పించాలి. అంటే జూన్‌కు మార్కుల జాబితా ఉండదు.

నేనే ఆ సంస్థకు ఫోన్ చేసి ఆరు నెలలు ఆగగలరా అని అడిగాను. ఆగలేమన్నారు. ఆ మాట ఎస్తేరుకు చెప్పిన రోజు ఆమె ఏడవలేదు. "మాయమ్మ ఊరంతా చెప్పేసుకుంది మేడం" అని మాత్రం అని వెళ్లిపోయింది. నేను సరైన పనే చేశానని తెలిసి కూడా ఆ రోజు అన్నం సహించలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో ఇద్దరం కలిసి ఆ షెడ్డుకు వెళ్లాం. అంతకుముందు షెడ్యూల్‌ను మళ్లీ రాశాం. మొగుడు తాగుతాడా అన్న ప్రశ్న కొట్టేశాం. తిండి ప్రశ్నను "నిన్న ఏమేం వండుకున్నారు?" అని మార్చింది ఎస్తేరే. వందను నలభై చేశాను.

మొదటి అరగంట ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఎస్తేరు చేతిలో అట్ట, ఆ అట్ట చూసి వాళ్లకు బెదురు. అప్పుడు ఆమె అట్టను నా చేతికిచ్చి, మునెమ్మ పక్కన చతికిలబడి, ఒక కడ్డీ తీసుకుని గింజలు కొట్టడం మొదలుపెట్టింది. ఆ చేయి చూస్తే తెలిసిపోతుంది, చిన్నప్పటినుంచి చేసిన పని. పక్కనున్నవాళ్లు నవ్వారు.

"సూడండే, రత్నమ్మ కూతురికి ఇంకా మర్సిపోలా!"

"యెట్ల మర్సిపోతాను పెద్దమ్మా. నిన్న ఏం కూర చేసినావు?"

"కూరా? సంగటి గెలికినాను. నంజుకోడానికి ఊరిబిండి నూరుకున్నాను. కూరెవురు సేస్తారు ఈ ఎండల్లో?"

అలా ఆమె అడుగుతూ కొడుతోంది, నేను పక్కన కూర్చుని రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో విద్యార్థి అడుగుతుంటే గైడ్ రాసుకోవడం అదే మొదటిసారి. రెండు రోజులు అలాగే చేశాం. మూడో రోజు నుంచి ఆమె ఒక్కతే వెళ్లింది. పక్కూరికి కూడా. ఆ ముసలామె దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఊరు అబద్ధం చెప్పానని ఒప్పుకుందట. "నాకప్పుడే తెలుసులే, నీ నడక సూస్తే" అందట ఆమె.

ఈసారి వచ్చిన కాగితాల అంచులు గోధుమ రంగులో అంటుకుపోయి ఉన్నాయి. "నలభై ఉంటాది" అన్నవాళ్లు పదకొండు మంది. మూడు షెడ్యూళ్లు సగంలో ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో పక్కన రాసి ఉంది. పేదరికం అన్నవాళ్లు సగం మంది కూడా లేరు. కొందరు పిల్ల ఫీజు కోసమన్నారు, ఒకామె అత్తతో ఇంట్లో ఉండలేక అంది, ఒకామె ఎందుకో చెప్పనంది. వందమందితో చెప్పించిన దానికంటే ఈ నలభై మంది చెప్పిందే చదవాలనిపించేలా ఉంది.

ఒకరోజు ఎస్తేరు వచ్చి, "అమ్మని కూడా శాంపిల్‌లో వేసుకోవచ్చా మేడం?" అని అడిగింది. శాంపిల్ అంటే ఎంపిక చేసుకున్న మనుషుల గుంపు. సొంత మనుషులను అందులో కలపకూడదు. కలపొద్దు, కానీ అడుగు అన్నాను. మొదటిసారి నింపిన వందలో నంబర్ ఒకటి రత్నమ్మదేనని అప్పుడు చెప్పింది. అందరికంటే ముందు అమ్మదే రాసిందట, అడగక్కర్లేదు కదా అని.

రెండు రోజుల తర్వాత తిరిగొచ్చి, నా ముందు కూర్చుని, ఆ షెడ్యూల్‌లో మూడో ప్రశ్న చూపించింది. చదువు. పాత కాగితంలో "లేదు" అని ఉంది. కొత్త కాగితంలో "ఆరో తరగతి, తమిళం."

"మాయమ్మది తమిళనాడులో గుడియాత్తం పక్క మేడం. ఆరు దాకా తమిళ బడిలో సదివిందంట. పెండ్లై ఈ పక్కకి వచ్చినాక తెలుగు రాకపోయె. పొదుపు సంఘంలో ఒకసారి తమిళంలో సంతకం పెడితే నగినారంట. అప్పట్నించీ వేలిముద్రే. నాకు ఇన్నేండ్లూ తెలీదు. మాయమ్మకి సదువు రాదనే నేను ప్రతి అప్లికేషన్లో రాసినాను. ఎందుకు చెప్పలేదమ్మా అంటే..." ఆమె ఆ జవాబు మీద వేలు పెట్టింది. "'నువ్వెప్పుడూ అడగలేదే పాపా' అనింది."

నేను ఆ కాగితాన్ని తీసుకుని ఆ జవాబు మళ్లీ చదివాను. షెడ్డులో రత్నమ్మ మాటలో తమిళ యాస విన్నది నేను కూడా. చిత్తూరు పక్క అందరిదీ అలాగే ఉంటుందిలే అనుకున్నాను. అడగాలని నాకూ తోచలేదు.

ప్రాజెక్టు రాసేటప్పుడు డేటా సేకరణ అధ్యాయంలో ఎస్తేరు ఒక పేరా పెట్టింది. మొదట తాను వంద షెడ్యూళ్లు కల్పించి నింపిందని, గైడ్ తిరస్కరించారని, ఇప్పుడున్న నలభై మళ్లీ సేకరించినవని. నేను రాయమనలేదు. ఫైల్లో ఉన్న కాగితం చాలు, ఇది అక్కర్లేదు అని కూడా అన్నాను. తీయలేదు.

వైవాకు వేరే విశ్వవిద్యాలయం నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు. వైవా అంటే ప్రాజెక్టు మీద జరిగే మౌఖిక పరీక్ష. ఆయన పేజీలు తిప్పుతూ ఆ పేరా దగ్గర ఆగారు. మళ్లీ చదివారు. నా వైపు చూశారు, తర్వాత ఆమె వైపు.

"ఇది ఎందుకు రాశావమ్మా? రాయకపోతే నాకు తెలిసేది కాదు కదా."

"తెలిసేది కాదు సార్."

"మరి?"

ఎస్తేరు చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "ఆ వందలో మా అమ్మది కూడా ఉండింది సార్. మా అమ్మ గురించే నేను తప్పు రాసినాను. పక్కనోళ్ల గురించి ఇంకెంత తప్పు రాసుంటానో అని. ఇప్పుడు రాసిన నలభైని మీరు నమ్మాలంటే అది కూడా మీకు తెలియాల కదా."

ఆయన ప్రాజెక్టు మూసి పక్కన పెట్టారు. మార్కులు బాగానే వేశారు. మొదటి స్థానం రాలేదు, రావాలని ఆమె అనుకోనూ లేదు. ఆ తర్వాత ఏడాది దాకా ఉద్యోగం దొరకలేదు. ఆ ఏడాది ఆమె ఫోన్ చేసినప్పుడల్లా నాకు దిగులుగా ఉండేది. ఇప్పుడు మదనపల్లె దగ్గర ఒక సంస్థలో ఆడవాళ్ల ఆరోగ్యం మీద పని చేస్తోంది. తల్లికి తెలుగు అక్షరాలు నేర్పబోతే, ఆమె కూతురికి తమిళం నేర్పడం మొదలుపెట్టిందట.

ఈ కేసు తర్వాత నా పద్ధతులు కొన్ని మారాయి. మొదటి రోజు ప్రతి విద్యార్థితోనూ ఫీల్డుకు వెళ్తాను. ఎండ, బస్సు, మోకాళ్ల నొప్పి అన్నీ ఉన్నాయి, అయినా వెళ్తాను. అప్పటినుంచి బ్యాక్ చెక్ మానలేదు. కల్పించినట్టు తేలితే ఇప్పటికీ ఒక్క కాగితం కూడా ఒప్పుకోను. ఆ విషయంలో మెత్తబడలేదు. మెత్తబడి ఉంటే ఎస్తేరు ఆ జూన్‌లో ఉద్యోగంలో చేరేది, వాళ్లమ్మకు చదువు రాదనే అనుకుంటూ ఉండేది.

నాలో మారింది ఇంకొకటుంది. ఇన్నేళ్లూ విద్యార్థులకు మోసం చేయకూడదని చెప్పాను, చేస్తే ఏమవుతుందో చెప్పాను. చేతకానప్పుడు ఎవరి దగ్గరికి రావాలో చెప్పలేదు. ఇప్పుడు సెమిస్టర్ మొదట్లోనే చెబుతున్నాను. అడగలేకపోతే, తలుపు మూసేస్తే, ఎవరైనా తిడితే, ఆ ఖాళీ కాగితం అలాగే నా దగ్గరికి తెండి అని. అందరూ నమ్మరు. కానీ ఏటా ఇద్దరో ముగ్గురో వస్తున్నారు. తల వంచుకుని తలుపు దగ్గర నిలబడి, "పోయినాను మేడం, అడగలేకపోయినాను" అంటారు. నేను కుర్చీ లాగి కూర్చోమంటాను.